కండక్టరు పిలిచే పేరు

మా అక్క పేరు తీసేశారు. అడగకుండా తీసేశారు, చెప్పకుండా తీసేశారు, తీసిన చోట ఇంకో పేరు నిలబెట్టి కొబ్బరికాయ కొట్టి దండ వేశారు. జరిగి పుష్కరం దాటింది. ఈ సంగతిని ఇంత సూటిగా ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పోట్లాడాను, ఉత్తరాలు రాశాను, మైకు ముందు కూడా నిలబడ్డాను. కానీ ఈ నాలుగు మాటలు మాత్రం నోటితో అనలేదు. ఎందుకు అనలేదో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఈ వేసవి మొదట్లో ఆధార్ కార్డులో అడ్రసు సరిచేయించుకుందామని దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్ల పక్కనున్న సెంటర్‌కు వెళ్లాను. యాభై ఏళ్లు రాయి చెక్కిన వేళ్ల మీద ముద్రలు మిగలవు. కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి నా బొటనవేలిని తడిగుడ్డతో తుడిచి, "తాతా, జర గట్టిగ ఒత్తు" అంది. ఒత్తాను. మిషన్ ఒప్పుకోలేదు. ఇంకో వేలు పెట్టాను, మరో వేలు పెట్టాను. చివరికి ఎడమచేతి చిటికెనవేలు నేను నేనేనని సాక్ష్యం చెప్పింది. తర్వాత అడ్రసు దగ్గర ఆగిపోయాం.

"పెంటమ్మ గడ్డనా? గట్లాంటి ఏరియా లిస్టుల లేదు తాతా. పిన్‌కోడ్ కొడితే పూర్ణిమా కాలనీ అని ఒస్తున్నది. గదే పెట్టన్నా?"

"పెట్టొద్దు బిడ్డా. ఉన్న పేరు పెట్టు."

"లేని పేరు ఎట్ల పెట్టాలె తాతా!"

వెనక వరుసలోంచి ఒకాయన, "ఓ పెద్దమనిషీ, ఏదో ఒకటి పెట్టిచ్చుకోరాదు, మాకు డ్యూటీలున్నయ్" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. చెడ్డ నవ్వేం కాదు. "పెంటమ్మ! గదేం పేరు తాతా? ఎవలు పెట్టిర్రు?" అని అడిగింది. ఫారం మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చేశాను.

ఎవరు పెట్టారు? మా తూర్పు పట్నంలో ఏ పేరును పట్టుకుని అడిగినా ఇదే తంతు. దిల్‌సుఖ్‌నగర్ అంటే మనసుకు సుఖమిచ్చే ఊరని ఒకాయన నాకు అర్థం చెప్పాడు. చెప్తున్నప్పుడు మేమిద్దరం సిగ్నల్ దగ్గర ఎండలో పొగ మింగుతూ నిలబడి ఉన్నాం. అదేం కాదు, అది ఒక పెద్దమనిషి పేరని ఇంకొకాయన కొట్టిపారేశాడు. చంపాపేటలో చంపా అంటే పువ్వా, మనిషా? మనిషైతే ఎవరి బిడ్డ? సైదాబాద్ ఏ సయ్యద్‌ది? ఎల్బీ నగర్‌లో ఆ రెండు ఇంగ్లీషు అక్షరాల వెనక ఒక ప్రధానమంత్రి ఉన్నాడని, అక్కడ బస్సు కోసం నిలబడ్డవాళ్లలో ఎంతమందికి తెలుసు? రోజూ అన్ని వేల నోళ్లు ఆ పేర్లను నమిలి ఊస్తాయి. వెనక ఉన్న మనిషి మొహం మాత్రం ఒక్కరికీ తెలియదు. నాకు ఒకే ఒక్క పేరు వెనక ఉన్న మొహం తెలుసు. తెలుసనే అనుకుంటున్నాను.

నా చదువు గురించి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే ఈ ముసలాయనకు పేర్ల పిచ్చి ఎందుకో అర్థం కాదు. బడిలో నేను కూర్చున్నది రెండో తరగతి దాకానే. అక్షరాలు నాకు ఉలి నేర్పింది. సైదాబాద్‌లో సమాధిరాళ్లు చెక్కే ఒక ఉస్తాద్ దగ్గర పనికి కుదిరాను. అప్పటికి చదవడం మరిచిపోయాను. చీటీ మీద ఏ ఆకారం ఉంటే ఆ ఆకారాన్ని రాయిలోకి దింపేవాణ్ని. నా నోటికి రాకముందే అక్షరాలు నా మణికట్టుకు వచ్చాయి. "పేరు ఎవలది, పుట్టిండా సచ్చిండా, నీకెందుకు? చీటీల ఉన్నది చెక్కు. రాయికి నోరుండదు, నీకూ ఉండొద్దు" అనేవాడు ఉస్తాద్. ఆ నియమం మా పనిలో అందరిదీ. తర్వాత బస్సు డిపో వెనక గల్లీలో సొంత దుకాణం పెట్టుకున్నాను. గుంటూరు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లందరికీ గేటు పక్కన పేరు పలక కావాలి. ఎన్ని శ్రీనిలయాలు చెక్కానో, ఎన్ని అమ్మ దీవెనలు చెక్కానో లెక్కలేదు. పని లేని మధ్యాహ్నాలు కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న అట్ట ఊడిన నిఘంటువు ముందేసుకుని కూర్చునేవాణ్ని. కిరాయి, కుర్చీ, దవాఖాన, ఒక్కో మాట ఎన్ని దేశాలు తిరిగి మా నోటికి చేరిందో చదువుతుంటే, చుట్టాల రాకపోకలు విన్నట్టు సంబరంగా ఉండేది.

ఇక మా అక్క. మా అమ్మకు, మేము అవ్వ అని పిలిచేవాళ్లం, మొదటి ముగ్గురు పిల్లలూ నడక రాకముందే పోయారు. నాలుగో కాన్పులో ఆడపిల్ల. పిల్లలు నిలవని ఇంట్లో మావైపు చేసే పని ఒకటుంది. బిడ్డను చాటలో పడుకోబెట్టి, ఊరి చెత్త పోసే దిబ్బ మీద వదిలిపెట్టి, తల్లి వెనక్కి చూడకుండా ఇంటికి రావాలి. ముందే మాట్లాడుకున్న ఇంకో ఆడమనిషి ఆ దారిన ఏమీ ఎరగనట్టు వచ్చి, "అయ్యో, ఈ పిల్లను ఎవలు పారేసిపోయిర్రు" అని ఎత్తుకుని, తెచ్చి ఆ తల్లికే అమ్మాలి. చాటెడు నూకలకు బేరం. అప్పటి నుంచి అది కన్నబిడ్డ కాదు, పెంట మీద దొరికిన బిడ్డ. ఎవరికీ పనికిరానిదని అనుకుని చావు కూడా పక్కకు తప్పుకుని పోతుందని ఆశ. మగపిల్లాడైతే పెంటయ్య, ఆడపిల్లైతే పెంటమ్మ. "ఎవ్వలకు వద్దనిపిచ్చే పేరు పెడితే ఎవ్వలు ఎత్తుకపోరు అనుకున్న బిడ్డా" అని అవ్వ ఒకసారి నాతో అంది. ఒకే ఒక్కసారి.

మా అక్కకు మాత్రం ఆ పేరంటే గర్వం. నీళ్ల దగ్గర ఎవరో పిల్ల ముక్కు మూసుకుని ఎగతాళి చేస్తే, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "నీ పేరు అయ్యగారు పంచాంగం జూసి పెట్టిండు. నా పేరు మా అవ్వ ఏడ్సుకుంట పెట్టింది. ఏది పెద్దదే?" అంది. అక్కను పడుకోబెట్టిన దిబ్బ రోడ్డు పక్కనే ఉండేది. అప్పటికి చెత్త పోయడం మానేశారు. గడ్డి మొలిచి గట్టిపడి ఎత్తుగా గడ్డలా మిగిలింది. అక్క మేకలను అక్కడే మేపేది. సాగర్ డ్యాం కట్టే రోజులు, లారీలు వరసగా పోయేవి. అక్క ఆ గడ్డ మీద పెద్ద కుండతో నీళ్లు పెట్టింది. డ్రైవర్లు ఆగి తాగేవాళ్లు. కొందరికి నీళ్లతో పాటు తిట్లు కూడా పోసేది. "ఏందయ్యా, మొన్న దుమ్ము లేపి నా మేకను బెదిరిస్తివి, ఇయ్యాల నీళ్లకొచ్చినవా?" అనేది, పోసేది. "పెంటమ్మ గడ్డ కాడ ఆపు" అని వాళ్లలో వాళ్లు అనుకోవడం నా చెవులతో విన్నాను. అప్పుడు నాకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో.

నా పదో ఏట, వానాకాలం, అక్కకు జ్వరం వచ్చింది. పెళ్లి కుదిరిన పిల్ల. ఐదో నాడు దవాఖానకు తీసుకుపోదామని బండి కడుతుండగానే అయిపోయింది. పెళ్లికాని వాళ్లను మావాళ్లు కాల్చరు, పూడుస్తారు. ఆ గడ్డ వాలులోనే పూడ్చి మూడు రాళ్లు పెట్టారు. తర్వాత రోడ్డు వెడల్పయింది, ప్లాట్లు పడ్డాయి, ఆ మూడు రాళ్లు ఏ ఇంటి పునాదిలో కలిశాయో నాకు తెలియదు. దినాలు కాగానే అవ్వ మా అందరినీ కూర్చోబెట్టి, "ఇగ దాని పేరు ఈ ఇంట్ల ఎవ్వలు తియ్యొద్దు. పిలిస్తే ఒస్తది. ఒచ్చినదాన్ని మల్ల పంపనీకి నాకు చాతగాదు" అంది. ఆ రోజు నుంచి మేమెవరం ఆ పేరు తియ్యలేదు. నాయన పోయేదాకా తియ్యలేదు. నేను పెళ్లి చేసుకున్నాను, నా భార్యకు కూడా ఎవరో చుట్టాలు చెప్తే తెలిసింది.

మేము తియ్యని పేరును బస్సు తీసేది. సిటీ బస్సు మా దారిన మొదలయ్యాక ఆ గడ్డ దగ్గరే స్టాపు పెట్టారు. స్టాపు వెనక మూడో ఇల్లు మాది. పొద్దుగూకే వేళ ఎల్బీ నగర్ పోయే బస్సు వచ్చి ఆగేది, కండక్టరు తలుపు మీద చేత్తో కొడుతూ అరిచేవాడు. "పెంటమ్మ గడ్డా... పెంటమ్మ గడ్డా... దిగేటోళ్లు రావాలె!" ఆ అరుపు వినగానే అవ్వ బియ్యం చెరుగుతున్న చాటను ఒళ్లో పెట్టుకుని ఆగిపోయేది. మావైపు ఒక నమ్మకం ఉంది. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు. ఒకటి రెండు పిలుపులతో ఆగిపోతే పిలిచింది మనిషి కాదు, పలకొద్దు. కండక్టర్లు ఎందుకో ఎప్పుడూ రెండుసార్లే అరుస్తారు. అవ్వ మూడో పిలుపు కోసం తల కొంచెం పక్కకు వంచి చూసేది. బస్సు కదిలిపోయేది. చాట మళ్లీ ఆడేది. నలభై ఏళ్లు ఇదే జరిగింది. ఇంట్లో ఎవరం ఆ సంగతి చూసినట్టు కనిపించేవాళ్లం కాదు.

నాకు నిఘంటువు పిచ్చి ముదిరిన రోజుల్లో, ఆ చుట్టుపక్కల భూములన్నీ ఉన్న పెద్ద పటేల్ వాళ్ల తండ్రి సమాధిరాయి కోసం దుకాణానికి వచ్చాడు. మాటల్లో గడ్డకు ఆ పేరు మా అక్క వల్లనే వచ్చింది కదా అన్నాను. ఆయన పెద్దగా నవ్వాడు. "మీ అక్కనా? ఏం మాట్లాడుతున్నవ్‌రా! మా తాత నాటికెళ్లి గది పెంటమ్మ గడ్డనే. ఎన్కట ఎవతో పెంటమ్మ ఉండెనంట, కలరాల పోయిందంట. మీ అక్కను గా గడ్డ మీద పెట్టి తీసిర్రు, గందుకే గా పేరు పెట్టిర్రు." ఆ పూట నా ఉలి నిలవలేదు. ఆయన మాట నిజమైతే అక్క గడ్డకు పేరు ఇవ్వలేదు, గడ్డే అక్కకు ఇచ్చింది. అంటే ప్రతి సాయంత్రం బస్సు పిలుస్తున్నది మా ఇంటి మనిషిని కాదు, అంతకుముందెప్పుడో పోయిన ఇంకెవరి బిడ్డనో. లేదా ఇద్దరినీనా? రెండు పిలుపులకు ఇద్దరు అని కూడా ఒకసారి అనిపించింది. అవ్వకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులు వచ్చాయి. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఒకరోజు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట, ఒకరోజు రోడ్డు మీదే బతుకమ్మ. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు షట్టర్లు సగం లేపి, సగం దించి పాఠాలు చెప్పేవి. గేటు మీద ఇంటిపేరు కనపడితే ఏం గొడవో అని ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు పేరు పలకలు చేయించుకోవడం తగ్గించారు. నా దుకాణంలో రాయి మీద దుమ్ము పేరుకుంది. అలాంటప్పుడు ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే సారు. ఏదో కాలనీ సంఘానికి సెక్రటరీనని చెప్పి ఒక చీటీ చేతిలో పెట్టాడు. పూర్ణిమా కాలనీ. నల్ల గ్రానైటు, మూడడుగుల పొడవు.

"అక్షరాలు గుండ్రంగా రావాలండి, పెద్దాయనా. పది కాలాలు ఉండాలి."

"రాయి ఉన్నన్ని దినాలు ఉంటది సారూ."

"పేరు బావుందా?"

"మంచిగున్నది" అన్నాను.

ఏ కాలనీ, ఎక్కడ, అని అడగలేదు. మా పనిలో అడగరు. పైగా ఆ రోజుల్లో ఎల్బీ నగర్ అవతల వారానికో కాలనీ పుట్టేది. చాలా రోజుల తర్వాత వచ్చిన పని కదా, మనసు పెట్టి చెక్కాను. మొదటి అక్షరం కొమ్మును కాస్త సాగదీసి నెమలి మెడలా తిప్పాను. సారు వచ్చి చూసి, "అద్భుతం అండీ" అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. అప్పటికే సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. రోజూ దుకాణం మూసి ఇంటికి నడిచి వస్తున్నాను. నాలుగో రోజు సాయంత్రం మా గల్లీ మొదట్లో జనం పోగై ఉన్నారు. పెద్ద పటేల్ కొడుకు, సంఘం ప్రెసిడెంటు, కొబ్బరికాయ కొడుతున్నాడు. దండ వెనక నల్లరాయి. రాయి మీద నెమలి మెడ. నా అక్షరాలు నన్నే చూస్తున్నాయి. ఉస్తాద్ చెప్పినట్టు రాయికి నోరు లేదు, నాకూ లేకపోయింది.

అప్పటికి అవ్వకు తొంభై దగ్గర పడ్డాయి. చూపు పోయింది, చెవులు మాత్రం పదును. సమ్మె మొదలైన మూడో రోజే అడిగింది.

"ఏంది బిడ్డా, బస్సు ఒస్తలేదు?"

"సమ్మె అవ్వా. మన రాష్ట్రం మనకియ్యాలని బస్సులన్నీ బందు పెట్టిర్రు."

"మంచిగ జేసిర్రు. మల్ల ఎప్పుడొస్తది?"

"ఒస్తది, ఇయ్యాలో రేపో."

రోజులు గడిచాయి. ఒక సాయంత్రం, సరిగ్గా బస్సు వచ్చే వేళకు, గోడకు ఆనుకుని కూర్చున్న అవ్వ నా చెయ్యి వెతికి పట్టుకుంది. "నువ్వన్న ఒక్కపారి పిలువు బిడ్డా" అంది. ఎవరిని అని నేను అడగలేదు. "పిలువొద్దంటివి గదనే" అన్నాను.

"అన్న. అప్పుడు పంపనీకి చాతగాదంటి. ఇప్పుడు నేనే పోయేదాన్ని గద. ఎంబడి తోల్కపోత."

నోరు తెరిచాను. ఎన్ని వేల పేర్లు చెక్కాను, ముక్కూ మొహం తెలియని వాళ్లవి, చచ్చినవాళ్లవి, పుట్టబోయేవాళ్లవి. ఈ ఒక్క పేరు గొంతు దాటి రాలేదు. యాభై ఏళ్లు మింగిన పేరు, దానికి బయటికి దారి మరిచిపోయినట్టుంది. అవ్వ తల పక్కకు వంచి ఎదురుచూస్తోంది. "ఎల్లుండి బస్సులు నడుస్తయట అవ్వా" అన్నాను. ఆమె నా చెయ్యి వదిలేసింది.

సమ్మె ముగిసింది. బస్సులు వచ్చాయి. స్టాపు మీద బోర్డు కూడా మారిపోయింది. "పూర్ణిమా కాలనీ, పూర్ణిమా కాలనీ" అని కొత్త కండక్టరు అరిచాడు. ఒక పాత కండక్టరు మాత్రం అలవాటు పోక కొన్నాళ్లు పాత పేరే అరిచాడు. ఆ సాయంత్రాలు అవ్వ మొహం తేటగా ఉండేది. తర్వాత ఆయన కూడా కనపడలేదు. "సమ్మె ఒడవలేదారా?" అని అడిగేది అవ్వ. "ఒడవలే అవ్వా" అనేవాణ్ని. "మరి బస్సు సప్పుడు ఇనొస్తున్నది?" "లారీ అవ్వా అది." ఊరంతా సమ్మె మరిచిపోయాక కూడా మా ఇంట్లో అది నడుస్తూనే ఉంది.

ఆ కోపంలో ఒకరోజు ఎల్బీ నగర్‌లో వేసిన దీక్షా టెంటుకు వెళ్లి మైకు అడిగాను. "ఆంధ్రోళ్లు మన ఊరి పేరు గూడ తీసేసిర్రు" అన్నాను. చప్పట్లు మోగాయి. మా అక్క పేరు అని అనలేదు చూశారా? ఊరి పేరు అన్నాను. కండువా వేసుకుని ముందు వరుసలో కూర్చున్న పటేల్ కొడుకు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. రాయికి కొబ్బరికాయ కొట్టిన చెయ్యే అది. మర్నాడు పొద్దున ఎవరో కుర్రాళ్లు ఆ రాయి మీద తారు పోశారు. నేను చెక్కిన నెమలి మెడ మీదుగా తారు నెమ్మదిగా జారింది. సంతోషం కలుగుతుందనుకున్నాను. కలగలేదు.

మధ్యాహ్నానికి సెక్రటరీ సారు దుకాణం ముందు నిలబడ్డాడు. మనిషి భయపడినట్టు లేడు, నలిగిపోయినట్టు ఉన్నాడు.

"తారు పోయించింది మీరేనటగా?"

"పోయిస్తే?"

"చెక్కిందీ మీరే కదండీ. పేరు బావుందన్నదీ మీరే."

నేను అందుకున్నాను. ఆ పేరు ఎన్నో తరాల నాటిదన్నాను. పెంట అంటే దిబ్బ ఒక్కటే కాదు, అడవుల్లో చిన్న పల్లెను కూడా పెంట అంటారన్నాను. నేను నమ్మని పటేల్ మాటను కూడా అరువు తెచ్చుకుని వాదించాను. ఆయన అంతా విన్నాడు.

"మా అమ్మాయి అప్లికేషన్‌లో అడ్రసు రాస్తుంటే పక్కపిల్లలు నవ్వారండి. ఇంటికొచ్చి ఏడ్చింది. సరే, అది మా బాధ. మీకెందుకండీ ఇంత పట్టింపు? మీదేం పోయింది?"

నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో. నా నోటి దాకా వచ్చింది. "ఏం పోలే" అన్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. సంఘంవాళ్లు కిరసనాయిలుతో తారు కడిగించారు. రాయి మునుపటి కంటే నల్లగా తేలింది.

మరుసటి ఏడు చలికాలం అవ్వ పోయింది. పోయే ముందు రోజు కూడా సమ్మె సంగతి అడిగింది, నేను అదే జవాబు చెప్పాను. ఆమె ఎవరినీ వెంట తీసుకుపోకుండా, ఎవరి పిలుపూ వినకుండా, ఒక్కతే వెళ్లింది. తర్వాత రాష్ట్రం వచ్చింది. ఎల్బీ నగర్ చౌరస్తాలో పటాకులు కాల్చారు. నేను కూడా మిఠాయి తిన్నాను, కన్నీళ్లు పెట్టుకున్నాను, ఆ కన్నీళ్లు దేనికో ఎవరూ అడగలేదు. పేరు మాత్రం వెనక్కి రాలేదు. సంఘానికి రాశాను, మున్సిపల్ ఆఫీసుకు రాశాను, ఒక పత్రిక సంపాదకుడికి రాశాను. సెక్రటరీ సారు ఉద్యోగం మానేసి ఇల్లు అమ్ముకుని విజయనగరం వైపు వాళ్ల సొంతూరికి వెళ్లిపోయాక, ఆ ఇల్లు కొన్నవాళ్లను అడిగి ఆయన అడ్రసు తీసుకుని ఆయనకూ రాశాను. ఒక్కడికే ఏడు ఉత్తరాలు. ప్రతి ఉత్తరంలోనూ ధాతువులు, అర్థాలు, పాత దస్తావేజుల్లో ఆ పేరు ఉందన్న వాదన. నాలుగేసి పేజీలు. ఎక్కడి నుంచీ ఒక్క జవాబు రాలేదు. ఎందుకు వస్తుంది? అవి చదివినవాడికి ఒక ముసలివాడి నిఘంటువు కనపడుతుంది తప్ప ఇంకేం కనపడుతుంది?

ఆధార్ సెంటర్ నుంచి వచ్చిన రోజు, జేబులో మడిచిన ఫారం తీసి దాని వెనకే సెక్రటరీ సారుకు ఎనిమిదో ఉత్తరం రాశాను. ఈసారి నిఘంటువు తెరవలేదు. పెంటమ్మ మా అక్క అని రాశాను. రాశాక ఆ పేరు పైకి చదివాను, ఒకసారి కాదు, మూడుసార్లు. గదిలో ఏమీ కదల్లేదు. తర్వాత మిగతాది రాశాను. ముగ్గురు పోయాక ఆమెను దిబ్బ మీద పెట్టి తీశారని, పేరు అక్కది గడ్డకు వచ్చిందో గడ్డది అక్కకు వచ్చిందో నాకు తెలియదని, మా అవ్వ బస్సు కోసం ఎట్లా చూసిందో, నేను ఏమని అబద్ధం చెప్పానో. మీదేం పోయిందని మీరు అడిగిన రోజు నేను చెప్పవలసిన జవాబు ఇది అని ముగించాను.

జవాబు రావడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. కవరు మూలలు నలిగి ఉన్నాయి. రెండు మూడు పోస్టాఫీసుల ముద్రలు, ఎవరో ఎర్రసిరాతో ఏదో రాసి కొట్టేసిన గీతలు. లోపల ఒకటే కాగితం. దాన్ని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దింపుతున్నాను.

"పెద్దాయనకు నమస్కారం. మీ పాత ఉత్తరాలు ఏడూ నా దగ్గరే ఉన్నాయి. నిఘంటువుతో వాదించే మనిషికి ఏమని రాయాలో తెలియక ఊరుకున్నాను. ఈసారి ఊరుకోలేను. ఆ పేరు మార్చాలని మొదట అన్నది నేనే. ప్రెసిడెంటు గారికి అప్పటిదాకా ఆ ఆలోచనే లేదు. మా నాన్న పేరు తవిటయ్య. ఆయనకు ముందు నలుగురు పోతే, మా నాయనమ్మ ఆయన్ని తవుడుకి అమ్మి మళ్లీ కొనుక్కుంది. మావైపు అలా చేస్తారండి. బళ్లో నా తండ్రి పేరు చదివిన ప్రతిసారీ క్లాసంతా నవ్వేది. ఆ నవ్వు మా అమ్మాయి దాకా రాకూడదనుకున్నాను. మీ గడ్డ పేరు మొదటిసారి విన్నప్పుడే అది ఎలాంటి ఇంట్లోంచి వచ్చిన పేరో నాకు తెలుసు. తెలియనట్టు ఉన్నాను. మీదేం పోయిందని మిమ్మల్ని అడిగాను చూడండి, అడగడానికి నాకు హక్కు లేని మాట అది. పేరు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో నాకూ తెలియదు. ఎవరిదైనా, ఒక తల్లి భయపడి పెట్టి ఉంటుంది. కాలనీ పేరు మార్చే శక్తి నాకు ఇప్పుడు లేదు. ఈ కవరు మీద మాత్రం ఆ కాలనీ పేరు రాయడం లేదు. మీ పేరు, కింద పెంటమ్మ గడ్డ, హైదరాబాద్, అంతే రాస్తున్నాను. మీకు చేరడానికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేను."